గాలిది కాని నేరము
(జగ్గయ్యపేట, నందిగామ పఠనమందిరములలో చేసిన ప్రసంగ పాఠము)



వంతెనలు కట్టుట ఇంజనీర్ల పని. దానినిగూర్చి పత్రికలవారు ప్రసంగింపనేల, పురజనులు విననేల యని కొందరికి తోపవచ్చును. వంతెన నిలిచియున్నంతకాలము ఆ ప్రశ్న న్యాయమే. కాని కట్టుచున్న వంతెన కూలినప్పుడు దానిక్రింద నుండువారు ఇంజనీర్లు కారు. కూలీలు, బాటసారులు, బండ్లవారు ఉందురు. ఖర్చైన ధనము ప్రజలది. చచ్చినవారు ప్రజలు. పదియేండ్లు దారిలేక చుట్టుతిరిగి పోవలసినవారును ప్రజలే. నష్టమంతయు మనదైనప్పుడు ఆ నష్టమునకు కారణము తెలిసికొను హక్కుగూడ మనదే.

మన మెట్టప్రాంతము ఏళ్ల నడుమ నున్నది. జగ్గయ్యపేట చెంత పాలేరు, నందిగామ చెంత మున్నేరు, ఆ మున్నేటిలో గలియు వైరా, కట్టలేరు. ఇవి వేసవిలో ఇసుకదారులు. వానకాలమున ఒక్క రాత్రిలో సముద్రములు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరమువద్ద 65వ జాతీయ రహదారిమీద పారగా విజయవాడకును హైదరాబాదునకును నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు 1వ తేదీన మరల అదే జరిగినది. ఆ వరదలోనే గరికపాడువద్ద పాలేటి వంతెన దెబ్బతినెను. కృష్ణాజిల్లానుండి విడివడి 2022 ఏప్రిలులో ఎన్టీఆర్ జిల్లాలో జేరిన ఈ రెండు పట్టణములకు వంతెన యనునది వైభవము గాదు. ఆసుపత్రికి, బడికి, బజారుకు గల దారి. పాత వంతెనలు బలహీనపడుచుండును. క్రొత్తవి కట్టక తప్పదు. కావున కట్టుచున్న వంతెన యెందులకు కూలునో ముందుగా తెలిసికొనుట మనకు అక్కరలేని విద్య గాదు.

ఉదాహరణమునకై దూరదేశములకు పోనక్కరలేదు. పొరుగున తెలంగాణములో, పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలమున ఓడేడు అను గ్రామము గలదు. అక్కడ మానేరు దాటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని గర్మిళ్లపల్లికి బోవుటకు 2016లో వంతెన యారంభించిరి. ఏటినడుమ దిమ్మెలు లేచినవి. వానిపై కాంక్రీటు గర్డర్లు కొన్ని యెక్కినవి. అంతట పని నిలిచినది. సంవత్సరములు గడచినవి. ఊళ్లవారు ఆ గర్డర్ల క్రిందుగానే ఏటియిసుకలో బాటచేసికొని తిరుగుచుండిరి. 2024 ఏప్రిలు 22వ తేదీ రాత్రి గాలి వీచెను. రెండు గర్డర్లు దిమ్మెలపైనుండి జారి నేలగూలినవి. కొలదిసేపటికి ముందే పెండ్లివారి బస్సొకటి ఆ బాటను దాటిపోయినదని గ్రామస్థులు చెప్పిరి. ప్రాణనష్టము కాలేదు. ఆ సంవత్సరముననే మరల కొన్ని గర్డర్లు పడినవి.

మరునాడు దేశమంతట ఒక్కటే మాట: గాలికి వంతెన కూలినది! కొందరు నవ్విరి, కొందరు తిట్టిరి. నవ్వుటయు తిట్టుటయు సులభములు. మేము మీతో కలసి చిన్న లెక్కయొకటి వేయదలచితిమి. అందులకు పెద్ద గణితము వలదు. త్రాసు తెలిసిన వర్తకునకు ఈ లెక్క తెలియును.

గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి తన కెదురైన గోడపై చదరపు మీటరునకు సుమారు 47 కిలోల వంతున త్రోయును. ఉదాహరణమునకు 30 మీటర్ల పొడవు, రెండు మీటర్ల యెత్తుగల గర్డరు ననుకొందము. దాని ప్రక్కభాగము 60 చదరపు మీటర్లు. త్రోపు మూడు టన్నులకు లోపు. గర్డరు ఆకారమునుబట్టి గాలి సుడిదిరిగి యెక్కువ త్రోయునని రెట్టింపు చేసినను ఆరు టన్నులు దాటదు. ఈ త్రోపు గర్డరు నడిమి యెత్తున, అనగా అడుగునకు ఒక మీటరు పైన పనిచేయును. అట్టి గర్డరు బరువో, సుమారు 60 టన్నులు. దాని పాదము వెడల్పు 60 సెంటీమీటర్లనుకొన్నచో బరువు నడిమిగీతకు అంచు 30 సెంటీమీటర్ల దూరమున నుండును. పడద్రోయు బలము ఆరింటిని ఒకటిచే హెచ్చింపగా ఆరు. నిలబెట్టు బలము అరువదిని మీటరులో మూడు పదవవంతులచే హెచ్చింపగా పదునెనిమిది. నిలబెట్టునది పడద్రోయుదానికి మూడింతలు! ఏప్రిలు గాలివాన యెంత ప్రచండమైనను సరిగా కూర్చున్న గర్డరును కదల్చలేదని ఈ లెక్క చెప్పుచున్నది.

మరి యెట్లు పడును? ఆ గర్డరు సరిగా కూర్చుండకపోవలెను. క్రింద తాత్కాలికముగా బెట్టిన ఆసరా ఒకవైపు క్రుంగి, గర్డరు బరువంతయు పాదపు అంచునకు పది సెంటీమీటర్ల దగ్గరకు జరిగినదనుకొందము. అప్పుడు నిలబెట్టు బలము అరువదిని పదవవంతుచే హెచ్చింపగా ఆరు. పడద్రోయునదియు ఆరే. త్రాసు సమమైనది. ఇక పిల్లగాలి చాలును. ఓడేటి గర్డర్ల కొలతలు ఇవేయని మేము చెప్పుటలేదు. ఇది దారి చూపు లెక్క మాత్రమే. కాని తేల్చిన సంగతి స్పష్టము. గాలి కడపటి చేయి. దానికి ముందు ఎన్నియో చేతులు ఆ గర్డరును అంచునకు దెచ్చి నిలిపినవి. కడపటి చేతిని పట్టుకొని తక్కిన చేతులను విడిచిపెట్టుట విచారణ కాదు.

ఇచ్చట మేము చెప్పదలచిన ముఖ్యవిషయము వచ్చినది. సగము కట్టిన వంతెన సగము వంతెన గాదు. అది వేరొక కట్టడము. పూర్తియైన వంతెనలో ఐదు గర్డర్లు ప్రక్కప్రక్కన నిలిచి, అడ్డదూలములతో ఒకదాని నొకటి పట్టుకొని, పైన స్లాబుతో ఏకశరీరమై యుండును. ఒకదానిని త్రోసినచో ఐదును కలసి యెదురు నిలుచును. అడ్డదూలములును స్లాబును లేనప్పుడు అదే గర్డరు ఒంటరిది. దాని బలమంతయు నిలువునకే. ప్రక్కకు ఒరిగినచో తన బరువే దానికి శత్రువు. ఇంజనీరు కాగితముపై లెక్కగట్టినది పూర్తియైన వంతెనను. కూలినది ఆ కాగితముపై లేని మరియొక వంతెన.

ఇది మీరెరుగని సంగతి గాదు. మన ఇండ్లపై స్లాబు వేయునప్పుడు సెంట్రింగు పలకలు పరచి, క్రింద సరుగుడు కర్రలో ఇనుప జాకీలో నిలిపి, పైన తడి కాంక్రీటు పోయుదురు. ఆ దినమున స్లాబునకు బలము లేదు, బరువు మాత్రమే గలదు. ఆ బరువంతయు మోయునవి ఆ కర్రలు; ఆ కర్రలను మోయునది క్రింది నేల. ఏడు దినములకు కాంక్రీటు తన 28 దినముల బలములో ఇంచుమించు మూడింట రెండువంతులు పొందును. ఆరు మీటర్లకు మించిన దూలముల క్రింది ఆసరాలను 21 దినములవరకు తీయరాదని భారత ప్రమాణముల 456వ నియమావళి చెప్పుచున్నది. మేస్త్రీ తొందరపడి కర్రలు ముందే లాగినచో ఇల్లాలు సైతము కేకవేయును. ఇంటికి గల ఆ కావలి వంతెనకు లేకపోవుటయే మన దుఃఖము.

ఇక కట్టుచున్న వంతెనలు కూలు కారణములను వరుసగా జూతము.

మొదటిది తాత్కాలికపు ఆసరా. నేలను దిమ్మిసకొట్టక ఆసరాలు నిలిపినచో, ఒక వానకు నేల మెత్తబడి ఒక కాలు క్రుంగును; దాని బరువు ప్రక్క కాలిపై బడును; అదియు వంగును; పిదప వరుసగా అన్నియు పడును. ఆసరాల మధ్య ఏటవాలు కట్లు లేకున్నను ఇదే గతి. కాంక్రీటు ఒకేవైపున గుట్టగా పోసినను ఇదే గతి. ఈ కాళ్లు, కట్లు, పలకలు పని ముగిసిన పిదప మాయమగును. బిల్లులో కనబడవు, ఫోటోలో కనబడవు. కనబడనిదానిపై ఖర్చు తగ్గించుట లాభాపేక్షగల గుత్తదారునకు మొదటి ప్రలోభము. నియమము లేదనుట కల్ల. 1934లో స్థాపితమైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు తాత్కాలిక కట్టడములకై ప్రత్యేకముగా 87వ సంఖ్యగల మార్గదర్శకములను ప్రచురించియున్నది. పుస్తకము బీరువాలో నున్నంతమాత్రమున కర్ర నిలువదు.

రెండవది, గర్డర్లను ఎక్కించి కట్టకుండ విడుచుట. దీని భయంకర స్వరూపము మన రాష్ట్రమే చూచినది. 2021 జూలై 6వ తేదీన అనకాపల్లివద్ద జాతీయ రహదారిపై కట్టుచున్న వంతెన గర్డర్లు క్రింద బోవుచున్న కారుపై, టాంకరుపై పడినవి. కారులోని ఇరువురు మరణించిరి. వారు ఆ పనిలో కూలికి వచ్చినవారు కారు, గుత్తదారులు కారు, దారిన బోవువారు. నిలిపి స్థిరపరుపని గర్డర్ల క్రింద ప్రజలను ఏల నడువనిచ్చిరి? ఈ ప్రశ్నకు గణితముతో పనిలేదు. అంతకుముందు 2007 సెప్టెంబరు 9వ తేదీన హైదరాబాదులో పంజగుట్టవద్ద కట్టుచున్న వంతెన కొంతభాగము రద్దీగానున్న వీథిపై గూలి ప్రాణములు దీసెను. పదునాలుగేండ్ల కాలము గడచినను క్రింద బాట మూయవలెనను చిన్నపాఠము మనకు పట్టుబడలేదు.

మూడవది, పొరపాటును కప్పిపుచ్చుటకు చేయు సవరణ. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున వెస్ట్ గేట్ వంతెన కట్టునప్పుడు ఒక ఖానాలోని రెండు ఉక్కు సగములు ప్రక్కప్రక్కన జేర్చగా సుమారు నాలుగున్నర అంగుళముల యెగుడుదిగుడు వచ్చినది. దించి సరిచేయుటకు మారుగా ఎత్తుగానున్న సగముపై కాంక్రీటు దిమ్మెలు పేర్చి అణచిరి. రేకు వంగి బొప్పికట్టినది. ఆ వంపును సరిచేయుటకు బోల్టులు విప్పిరి. 1970 అక్టోబరు 15వ తేదీన ఆ ఖానా కూలి 35 మంది మరణించిరి. కొందరు వంతెనపై నున్నవారు. కొందరు దానిక్రింది పాకలలో నున్నవారు. అచ్చటి ప్రభుత్వము రాయల్ కమిషన్‌ను నియమించినది. మరుసటి సంవత్సరముననే నివేదిక ప్రకటింపబడినది. నమూనా రచించినవారు మొదలు కంట్రాక్టరులవరకు ఎవరి తప్పెంతయో అందులో వ్రాసిరి.

నాలుగవది లెక్కలోని తప్పు; అంతకుమించి, తప్పు కనబడిన పిదప పని నాపు అధికారి లేమి. కెనడాలోని క్విబెక్ వంతెన నడిమి ఖానాను 1600 అడుగులనుండి 1800 అడుగులకు పెంచిరి. పెరిగిన పొడవునకు తగినట్లు వంతెన స్వంతబరువును తిరిగి లెక్కింపలేదు. ఉక్కు దూలములు వంగుచున్నవని 1907 ఆగష్టులో పనిచోటనున్న యువ ఇంజనీరు కనిపెట్టెను. పెద్ద ఇంజనీరు థియోడర్ కూపర్ న్యూయార్కులో నుండెను. యువకుడు రైలెక్కి అతనికడకు పోయెను. కూపర్ తంతి యిచ్చెను. కాని ఆ తంతి పోయినది ఉక్కు తయారుచేయు కంపెనీకి. వంతెనపై పని సాగుచునే యుండెను. ఆగష్టు 29వ తేదీ సాయంకాలము వంతెన నదిలో బడి 75 మంది మరణించిరి. పనిచోట "ఆపుడు" అని గట్టిగా చెప్పుటకు అధికారముగలవా డొక్కడైన లేకపోవుటయే ఆ కథలోని సారము. కథ అంతటితో ముగియలేదు. తిరిగి కట్టునప్పుడు 1916లో నడిమిభాగమును పైకెత్తుచుండగా అదియు జారిపడి మరి 13 మంది పోయిరి.

పాతకాలపు మాటలని త్రోసివేయకుడు. 2018 మార్చి 15వ తేదీన అమెరికాలోని మయామీలో ఒక విశ్వవిద్యాలయమువద్ద కట్టుచున్న నడకవంతెన కూలి ఆరుగురు మరణించిరి. కాంక్రీటులో బీటలు ముందే కనబడినవి. ఆ యుదయముననే ఇంజనీర్లు సభజేసి భయము లేదనిరి. క్రింద రహదారిని మూయలేదు. విద్యగాని, యంత్రములుగాని, ధనముగాని తక్కువైన దేశము కాదు గదా! తక్కువైనది ఆపువాడు.

ఐదవది నది. ఏటియిసుకలో బావుల పునాదులు దించునప్పుడు అవి లోతునకు దిగి నిలదొక్కుకొనువరకు ఒరిగిపోవు స్వభావము గలవి. వరదవేళ నీరు దిమ్మె చుట్టు సుడిదిరిగి ఇసుకను తోడివేయును. పూర్తియైన పునాది ఆ కోతకు దిగువన నుండును. సగములోనిది కోతలోనే యుండును. అందువలన ఏటిపని వాన వెలిసిన పిదప ఆరంభించి, మరల ఏరు వచ్చులోపల ప్రమాదదశ దాటవలెను. టెండరు కాగితములు ఆలస్యమై, పని చైత్రమున మొదలై, ఆషాఢమున మున్నేరు దిగినచో దోషము మున్నేటిది గాదు. దిమ్మెల చెంత ఇసుక తవ్వుకొనిపోవుట కనులార చూచుచు ఊరకుండు మనము సైతము ఆ దోషమున పాలివారమే.

ఆరవది, తక్కిన వానినన్నిటిని పెంచిపోషించునది, ఆలస్యము. తాత్కాలికమైనది పది దినములు నిలుచుటకు చేయబడును. దానిని పదియేండ్లు నిలుపరాదు. కర్ర చివుకును, ఇనుము త్రుప్పుపట్టును, కట్లు సడలును, కాపలావాడు వెడలిపోవును. ఏ గర్డరు దేనిపై నున్నదో ఎరిగిన ఇంజనీరు బదిలీయగును. మానేటిపై 2016లో మొదలైనది 2024 వరకు అరకొరగా నిలిచినది. కలకత్తాలో వివేకానంద రోడ్డు వంతెనపని 2009లో మొదలై, గడువులమీద గడువులు దాటి, 2016 మార్చి 31వ తేదీన ఇరుకు వీథిపై గూలి ఇరువదిమందికి పైగా మరణించిరి. ముందురాత్రియే దానిపై కాంక్రీటు పోసియుండిరి. ఏడేండ్ల జాప్యమునకు పిదప ఒక్క రాత్రి తొందర! మందగతియు తొందరయు ఒకే యింట బుట్టిన కవలలు.

ఆ కలకత్తా వంతెన కట్టినది హైదరాబాదులో కేంద్రముగల తెలుగువారి సంస్థ. కూలిన పిదప దాని ఉద్యోగియొకరు ఇది దైవఘటనయని పత్రికలవారితో చెప్పిరి. ఆ మాటకు తెలుగువారు తలవంచుకొనవలసి వచ్చినది. బీహారులో సుల్తాన్‌గంజ్, అగువానీ ఘాట్‌ల నడుమ గంగపై గట్టుచున్న వంతెన 2022 ఏప్రిలులో కొంత కూలగా గాలివాన కారణమనిరి. గాలికి వంతెన పడుట యేమని కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీయే బహిరంగముగా ఆశ్చర్యపడిరి. 2023 జూన్ 4వ తేదీన అదే వంతెన గాలివాన ప్రస్తావన లేకయే మరల కూలెను. 2024 ఆగష్టులో మూడవమారు కూలెను. దైవము ఒకే వంతెనను మూడుమారులు ఎంచుకొనునా? మన పూర్వులు దైవము, పురుషకారము అని రెండు చెప్పిరి. పురుషకారమంతయు చేసిన పిదప మిగిలినదే దైవము. చేయవలసినది చేయక దైవమును సాక్షికి బిలుచుట దైవదూషణమే యగును.

అయిన మేము గుత్తదారునిమీదనే నేరమంతయు మోపము. బిల్లులు నెలలతరబడి చెల్లింపని సర్కారు, పని నిలిచిపోవుటకు తానును కారణము. తక్కువ ధర వ్రాసినవానికే పని కట్టబెట్టి, ఆ ధరకు ఆసరాలు నిలుచునా యని అడుగని టెండరు కమిటీ కారణము. పెద్ద గుత్తదారు చిన్నవానికి, చిన్నవాడు మరింత చిన్నవానికి పని పంచగా, కడపట కాంక్రీటు పోయువానికి ఇంజనీరు ముఖమైన తెలియదు. పర్యవేక్షించు ఇంజనీరు పది పనులకు ఒక్కడు. అందరును కొంచెము కొంచెముగా కారణములైనప్పుడు ఎవ్వరును కారకులు కారను భ్రాంతి పుట్టును. ఆ భ్రాంతికే గాలియని పేరు పెట్టుచున్నారు.

మనవారికి చేతగాదని నిరాశ చెందనక్కరలేదు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై 56 ఖానాల పాత రైలు వంతెనను 1897లో ఆరంభించి 1900లో తెరచిరి. అది 1997 వరకు రైళ్లను మోసినది. విదేశీయ ప్రభుత్వము తన వర్తకముకొరకు గట్టినది; దానిని కొనియాడుట మా యుద్దేశము గాదు. కాని కట్టినది అదే గోదావరి, అదే వరద, నేటి క్రేనులు లేని కాలము. మూడేండ్లలో 56 ఖానాలు! మానేటిపై ఎనిమిదేండ్లకు అసంపూర్తి! తేడా ఎచ్చట? పని మొదలిడిన పిదప ఎడతెగనీయలేదు. తొందర వేరు, ఎడతెగకుండుట వేరు. ధనము, ఋతువు, మనుష్యులు మూడును సమకూర్చుకొని దిగినవాడు వేగముగా పోవును, తొందరపడనక్కరలేదు. నేడు ఇంజనీర్లు మనవారు, ప్రభుత్వము మనది. సిమెంటు సైతము మన జగ్గయ్యపేట సున్నపురాతినుండియే పుట్టుచున్నది. లేనిదల్లా కావలి.

కావున మన ఏళ్లపై కట్టు ప్రతి వంతెనకును ఈ ఐదు సంగతులను పురజనులు అడుగవలెనని మేము కోరుచున్నాము.

మొదటిది: పూర్తి వంతెనకు వలెనే, కట్టు ప్రతిదశకును వేరు లెక్క, వేరు పటము ఉండవలెను. ఆ లెక్కను గుత్తదారునితో సంబంధములేని ఇంజనీరు సరిచూడవలెను.

రెండవది: పనిచోట, సర్వదా, ఒక్క వ్యక్తికి పని నాపు అధికారము ఉండవలెను. అతని పేరు పలకపై వ్రాయవలెను. శంకుస్థాపనచేసిన మంత్రి పేరు రాతిపై చెక్కుచున్నారు. కాపుకాయువాని పేరు చెక్కపైనైన వ్రాయరాదా?

మూడవది: గర్డర్లను అడ్డదూలములతో బిగించువరకు వానిక్రింద జనులను, బండ్లను నడువనీయరాదు. దారి మూసినచో మనము గొణుగరాదు. గంట చుట్టుతిరుగుట కష్టమే. అనకాపల్లిలో పోయిన ఇరువురికి ఆ గంట దొరకలేదు.

నాలుగవది: పని ఏ కారణముచేతనైన ఒక వానకాలము నిలిచినచో, నిలిపిన గర్డర్లను గట్టిగా బిగించుటయో, దింపివేయుటయో విధిగా జరుగవలెను. దాని ఖర్చు తగవు పిదప తీర్చుకొనవచ్చును. తగవు తీరువరకు ఆగుమనిన గర్డరు వినదు.

ఐదవది: కూలినచో, చచ్చినవారున్నను లేకున్నను, విచారణ నివేదికను తెలుగులో ప్రకటింపవలెను. ఓడేటిలో ఎవరును చావలేదు గనుక దేశము మూడుదినములు నవ్వి మరచినది. ప్రాణము పోకుండ దొరకిన పాఠము అన్నిటికంటె చౌకైన పాఠము. దానిని పారవేయువారు ఖరీదైన పాఠమునకు సిద్ధపడవలెను. సమాచారహక్కు చట్టము 2005లో వచ్చినది. ఒక్క దరఖాస్తు వ్రాయుటకు పఠనమందిరమున కలము, కాగితము కొదువలేదు.

ఇంకొక మాట. ఈ పనులలో ప్రాణములొడ్డువారిలో దూరదేశములనుండి వచ్చిన కూలీలు పెక్కురు. వారికి మన భాష రాదు. ఆసరా ఒరుగుచున్నదని మొదట చూచునది వారే, చెప్పుటకు నోరు లేనిదియు వారికే. కట్టడపు పనివారికై 1996లో చట్టము పుట్టినది. అది వారి చేరువకు వచ్చినదా యని అడుగువారు పట్టణమున నుండవలెను. మన వంతెనక్రింద పడిన పరదేశి మన బిడ్డ కాడా? వాని ఊరిలో వానికొరకు ఎదురుచూచువారు లేరా?

వంతెన కూలుట ఒక్క క్షణపు పని. దానిని ఆ క్షణమునకు దెచ్చుట ఏండ్లతరబడి జరుగును. ఆ యేండ్లలో ప్రతిదినమును దానిని ఆపవచ్చును. రేపు మున్నేటిపైనో, పాలేటిపైనో దిమ్మెలు లేచును. వానిపై గర్డర్లు ఒంటరిగా నిలుచు దినములు తప్పక వచ్చును. ఆ దినములలో ఒడ్డున నిలిచి, ఇది దేనిపై ఆనియున్నది, దీనిని చూచువాడెవడు, ఎప్పుడు బిగింతురు అని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు జవాబున్న చోట గాలి గాలిగానే వీచి పోవును.